కొండెక్కని బండి

నేను ఒక పొగ యంత్రాన్ని. యంత్రం అని చెప్పుకోవడం నా గొప్ప కోసమే. గాజువాకలో ఇబ్రహీం మేస్త్రి నన్ను తయారుచేసిన నాటి నుంచి ఏజెన్సీ కొండల్లో కనకారావు షెడ్డు దాకా, అందరూ నన్ను పిలిచింది పొగ డబ్బా అనే. మంటలార్పే సిలిండరు ఒకటి గడువు తీరిపోయి పాత సామాన్ల కొట్టులో పడి ఉంటే మేస్త్రి దాన్ని తెచ్చి, మెడ కోసి, లోపల వేడెక్కే తీగచుట్ట పెట్టి, అడుగున కాస్త నూనె పోశాడు. ఒక పక్క గాలి వచ్చే గొట్టం, ఇంకో పక్క పొగ పోయే గొట్టం అతికించాడు. బ్యాటరీ తగిలిస్తే తీగ కాలుతుంది, నూనె తెల్లటి పొగవుతుంది. ఆ పొగను ఇంజను గాలి పీల్చే దారిలోకి మెల్లిగా ఊదితే, ఎక్కడ చిల్లు ఉందో అక్కడి నుంచి బయటికొస్తుంది. నా విద్య అంతా అంతే. మంటలార్పాల్సిన దాన్ని పొగబెట్టడానికి పెట్టుకున్నానని మేస్త్రి నలుగురికీ చెప్పి నవ్వేవాడు.

నా దగ్గరికొచ్చేవి ఎక్కువగా టర్బో ఉన్న డీజిలు బళ్ళు. టర్బో ఉన్న ఇంజను గాలిని ఊరికే పీల్చుకోదు. బయటికి పోయే పొగ ఊపుకి ఒక చిన్న చక్రం తిరుగుతుంది. అది తిరిగి, బయటి గాలిని ఒత్తి లోపలికి నెడుతుంది. ఆ గాలి లావుపాటి రబ్బరు గొట్టాల వెంట ఇంజనుకి చేరాలి. దారిలో రబ్బరు చీలినా, బిగింపు పట్టీ వదులైనా నెట్టిన గాలి దారిలోనే జారిపోతుంది. బండికి తిండి ఉంటుంది, ఊపిరి ఉండదు. ఎత్తు రాగానే నల్లగా పొగ కక్కుతూ కాళ్ళీడుస్తుంది. పెట్రోలు బళ్ళది మరో తంటా. నిలబడి ఉన్నప్పుడు వాటి ఇంజను లోపల గాలి వెలితి ఉంటుంది కాబట్టి, అదే చిల్లులోంచి బయటి గాలి దొంగతనంగా లోపలికి దూరుతుంది. బండి నిలబడ్డ చోటే వణుకుతుంది.

మనుషుల సంగతి నేను గాజువాకలోనే నేర్చుకున్నాను. బానెట్ ఎత్తకముందే "టర్బో పోయింది మేస్త్రీ" అని చావు కబురు చెప్పినట్టు చెప్పేవారు. అన్నిటికంటే ఖరీదైన దాన్నే ముందు అనుమానించడం వాళ్ళ అలవాటు. మేస్త్రి నాతో పొగ వేయించి, వేలెడంత గొట్టం చీలికను చూపిస్తే కొందరి ముఖం చిన్నబోయేది. అంత పెద్ద బండికి ఇంత చిన్న జబ్బేమిటని చిన్నతనంగా ఉండేదనుకుంటాను.

మేస్త్రికి కళ్ళు మసకబారాయి. పొగ కనపడని మనిషికి పొగ డబ్బా ఎందుకు? పాత శిష్యుడు కనకారావు చూడ్డానికి వస్తే నన్ను అతని చేతిలో పెట్టాడు. "ఇది అబద్ధం చెప్పదురా" అన్నాడు. కనకారావు ఆ మాటను దేవుడి మాటలా పట్టుకున్నాడు. నన్ను ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కి, ఘాట్ మలుపులన్నీ ఎక్కి, కొండ మీది సంత ఊరికి తీసుకెళ్ళాడు.

అక్కడ అతని భార్య నూకరత్నం ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు. ఆమె ఉద్యోగం కోసమే అతను గాజువాక వదిలి కొండెక్కాడు. ఇంటి ముందు రేకుల షెడ్డు, అందులో పని. కనకారావు తక్కువ మాట్లాడే మనిషి. బానెట్ మూసేటప్పుడు దభీమని వదలకుండా రెండు చేతులతో నొక్కి మూసేవాడు. జీపులు, సరుకుల వ్యాన్లు, ఒక ట్రస్టు నడిపే అంబులెన్సు, అన్నీ అతని దగ్గరికే వచ్చేవి. ప్రతి దానికీ నన్ను తగిలించేవాడు. నా పొగ ఎక్కడైనా బయటపడితే జబ్బు తెలిసినట్టు, పడకపోతే జబ్బు లేనట్టు. అతని లెక్క అది. నేనూ అలాగే అనుకునేదాన్ని.

ఒక వానాకాలంలో అంబులెన్సు డ్రైవరు వంతల సుందర్రావు బండి తెచ్చాడు. అక్కడి కొండ మనిషే. స్టీరింగ్ ముందు కూర్చునేముందు చెప్పులు విప్పేవాడు.

"ఎత్తెక్కేటప్పుడు సచ్చిపోతంది మేస్త్రీ. ఈలేసినట్టు సప్పుడొస్తంది. తిన్నటి రోడ్డు మీద మాత్రం ఏటీ నేదు," అన్నాడు.

కనకారావు గాలి దారి మొదట్లో బిరడా కొట్టి నన్ను తగిలించాడు. నేను పొగ ఊదాను. అతను టార్చి పట్టుకుని ప్రతి అతుకూ వెతికాడు. ఎక్కడా ఒక్క దారమంత పొగ రాలేదు. గాలి వడపోసే జల్లెడ మార్చి, పట్టీలన్నీ బిగించి, "బాగానే ఉంది, తీసుకెల్లు" అన్నాడు. సుందర్రావు చెప్పులు విప్పి బండెక్కి వెళ్ళిపోయాడు.

తర్వాత కొన్నాళ్ళకి, లోయలో ఉన్న బూరుగుపాడులో కొర్రా మొత్తి అనే అమ్మాయి ప్రసవించింది. తొలిచూలు. నూకరత్నమే పురుడు పోసింది. బిడ్డ బాగానే ఏడ్చింది. తల్లికి మాత్రం నెత్తురు ఆగలేదు. అంబులెన్సు వెంటనే వచ్చింది. మొత్తిని ఎక్కించారు, నూకరత్నం పక్కన కూర్చుంది, మొత్తి మొగుడు బొంజుబాబు, అతని బావమరిది ఎక్కారు. పైన ఆసుపత్రికి పోవాలంటే లోయలోంచి ఎత్తు ఎక్కడమొక్కటే దారి. నిలువు మలుపు దగ్గరికి వచ్చేసరికి బండి ఈలేసింది. నల్లగా పొగ కక్కింది. ఆ తర్వాత నడిచే మనిషి కన్నా నెమ్మదైపోయింది. బొంజుబాబూ బావమరిదీ దూకి వెనక నుంచి తోశారు. పట్టపగలు, వాన లేదు, దారికి అడ్డం లేదు. మనుషులు తోస్తుంటే బండి ఆ మలుపు ఎక్కింది. రోడ్డు చదునైన చోటికి చేరేలోపల మొత్తి ప్రాణం పోయింది.

నేను ఆ బండిలో లేను. ఇదంతా నాకు షెడ్డులో జరిగిన మాటల వల్ల తెలిసింది.

ట్రస్టు మేనేజరు రంగనాథం అంబులెన్సును కింద పట్నంలో వాళ్ళ వర్క్‌షాపుకి పంపాడు. వాళ్ళు చదును నేల మీద నడిపి, కంప్యూటరు పెట్టి చూసి, బండిలో ఏ లోపమూ లేదని పంపేశారు. రంగనాథం చెడ్డవాడని అనను. ఏ ప్రశ్ననైనా సాయంత్రంలోపు మూసేసి ఇంటికెళ్ళాలనుకునే రకం. సంత రోజున అందరినీ పోగేసి, "ఇక్కడి మేస్త్రీ చూశాడు, కింద పట్నంలోనూ చూశారు. బండి బాగుంది. లోపం ఎక్కడుందో మీరే ఆలోచించుకోండి" అన్నాడు. అందరి తలలూ సుందర్రావు వైపు తిరిగాయి. తాగి నడిపాడని ఎవరో అన్నారు. సాయంత్రానికి ఆ సారా ఎవరింట్లో తాగాడో కూడా చెప్పేవాళ్ళు పుట్టుకొచ్చారు. అతన్ని పనిలోంచి తప్పించారు.

బొంజుబాబు మాత్రం ఎవరినీ తిట్టలేదు. ఒకటే అడిగాడు. "బండి మంచిదే అంటన్నారు. మరెందుకెక్కనేదు?"



ఆ మర్నాడు కనకారావు షెడ్డులో ఊరికే కూర్చుని ఉన్నాడు. నూకరత్నం అన్నం పెట్టుకొచ్చి పళ్ళెం అతని ముందుంచి వెళ్ళకుండా నిలబడింది. మొత్తి పోయిన దగ్గర్నుంచి ఆమె ఇంట్లో ఆ మాటే ఎత్తలేదు.

"సుందర్రావు తాగలేదండీ," అంది. "వాడి పక్కనుంచే ఎక్కేను. వాసనేటీ లేదు. ఏడుస్తూ నడిపేడు."

కనకారావు పళ్ళెం వైపే చూస్తున్నాడు.

"దారంతా పొత్తికడుపు మీద నా రెండు చేతులూ ఒత్తిపట్టుకుని కూచున్నాను. వేగిరం పోనీ, వేగిరం పోనీ అని నేనే అరిచేను. వాడు కాలు తియ్యలేదు. బండే కదల్లేదు." పళ్ళెం అతని దగ్గరికి జరిపి అంది: "మీరు బాగుందన్నారు. వాడు ఎక్కలేదన్నాడు. రెండూ నిజమెలా అవుతాయి?"

"నాను సూసేను రత్నం. పొగ రానేదు."

"రాలేదు. నిజమే. కానీ నేను ఆ బండిలో ఉన్నాను."

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. కనకారావు లేచి నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. అతని అవస్థ నాకప్పుడు అర్థమయింది. చిల్లు దొరకకపోతే సుందర్రావు జీవితాంతం తాగుబోతుగా, ఒక బాలింతను చంపినవాడిగా మిగులుతాడు. దొరికితే, ఉన్న చిల్లును లేదని చెప్పి బండిని పంపినవాడు తనవుతాడు. ఊరుకుంటే అతన్ని ఎవరూ ఏమీ అనరు. రంగనాథం కూడా అదే అన్నాడు, అంబులెన్సు మళ్ళీ చూస్తానని కనకారావు అడగబోతే. "మీకెందుకండీ? మీ మీద మాట రాలేదు కదా."

బండి ఇవ్వనన్నాడు. అప్పుడు బొంజుబాబు వెళ్ళి అంబులెన్సు షెడ్డు గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. అరవలేదు, ఎవరినీ ఆపలేదు. కూర్చున్నాడంతే. బిడ్డకి పాలు పట్టే వేళకి లేచి అత్తగారింటికి వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చునేవాడు. చివరికి రంగనాథం తాళాలు పంపాడు.

మంచు విడిచాక ఉదయం పని మొదలయింది. సుందర్రావును కనకారావే ఇంటికి వెళ్ళి పిలుచుకొచ్చాడు. సంతకి వచ్చినవాళ్ళు చుట్టూ మూగారు. ముందు నన్ను తగిలించాడు. నేను ఊదాను. పొగ రాలేదు. తర్వాత సబ్బు నీళ్ళు పూసి గాలి పట్టాడు. బుడగ లేదు. మళ్ళీ నన్ను పెట్టాడు. గొట్టాలను చేత్తో వంచి, ఒత్తి చూశాడు. నాలో నూనె అయిపోతే పోసి మళ్ళీ ఊదించాడు. ఏమీ లేదు. చూసేవాళ్ళలో ఒకరు "ఇంకేటుంది, తాగీసుంటాడు" అని వెళ్ళిపోయారు. సుందర్రావు గోడకానుకుని నేలకేసి చూస్తున్నాడు.

కనకారావు చేతులు తుడుచుకున్నాడు. తర్వాత వెళ్ళి సుందర్రావు ఎదురుగా కూర్చున్నాడు.

"ఎప్పుడెప్పుడు సచ్చిపోతందిరా బండి? సరిగ్గా సెప్పు."

"బాగా కాలినాక. బరువుండి, ఎత్తు మీద గట్టిగా తొక్కితే. అప్పుడే."

"నానెప్పుడు సూసేను? సల్లగా ఉన్నప్పుడు. నిలబెట్టి." ఆ మాట సుందర్రావుతో అన్నట్టు లేదు.

ఆ వేళ బండిలో ఎవరెవరున్నారో వాళ్ళందరినీ ఎక్కమన్నాడు. బొంజుబాబు, బావమరిది, నూకరత్నం ఎక్కారు. మొత్తిని పడుకోబెట్టిన బల్ల మీద ఇసుక బస్తా వేయించాడు. అది చూసి నూకరత్నం ముఖం తిప్పుకుంది. నన్నూ, పంచరు షాపు నుంచి అరువు తెచ్చిన గాలి ట్యాంకునూ వెనక పెట్టాడు. లోయలోకి దిగి, బూరుగుపాడు దగ్గర బండి తిప్పి, ఎక్కడం మొదలుపెట్టారు. ఇంజను వేడి నేలలోంచి నా అడుక్కి తగులుతోంది. నిలువు మలుపు దగ్గర సన్నగా ఈల వినిపించింది. తర్వాత బండి నీరుగారిపోయింది. సుందర్రావు కాలు నేలకి అదిమి పట్టే ఉంది.

"సూడండి," అన్నాడు. "సూడండి, నా కాలు సూడండి."

బొంజుబాబు తొంగి చూశాడు. చూసి తలూపాడు.

చక్రాల వెనక రాళ్ళు పెట్టి బానెట్ ఎత్తారు. ఇంజను చల్లారకముందే కనకారావు బిరడా కొట్టి నన్ను తగిలించాడు. ఈసారి గాలి ట్యాంకు గొట్టాన్ని నాలోకి పెట్టాడు. నన్ను చేసింది నోటితో ఊదినంత మెల్లగా ఊదడానికి. అతను ట్యాంకు మర తిప్పాడు. గాలి నాలోకి దూసుకొచ్చింది. నా మెడ దగ్గర అతుకు నొప్పెట్టింది. అతను ఇంకా తిప్పాడు. రెండుసార్లు నేను పగిలిపోతాననుకున్నాను.

చీలిక పై నుంచి చూసేవాళ్ళకెవరికీ కనపడలేదు. బొంజుబాబు అప్పటికే వెల్లకిలా బండి కిందికి దూరి ఉన్నాడు. "ఇదిగో," అన్నాడు కింద నుంచి. "ఇక్కడొస్తంది."

కింది గొట్టం, చట్రం వైపు ముఖం, బిగింపు పట్టీ అంచున. చల్లగా ఉన్నప్పుడు మూసిన పెదవుల్లా అతుక్కుని ఉండే సన్నటి చీలిక. రబ్బరు కాలి మెత్తబడి, లోపల గాలి గట్టిగా తోస్తే తప్ప విచ్చుకోదు. ఇప్పుడు విచ్చుకుని, పొగను బలంగా చిమ్ముతోంది. కనకారావు పక్కకి దూరి చూశాడు.

బొంజుబాబు చెయ్యి చాపి ఆ చీలిక మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. గొట్టం కాలుతోంది. అయినా తియ్యలేదు. పొగ ఆగిపోయింది. వేలు తీశాడు. పొగ వచ్చింది. మళ్ళీ నొక్కాడు. ఆగింది.

"మేస్త్రీ," అన్నాడు. "ఆ వేళ ఇలగ పట్టుకునుంటే ఎక్కునా?"

కనకారావు అబద్ధం ఆడొచ్చు. వేలితో ఏమవుతుంది, నడిచే ఇంజను గాలిని వేలు ఆపగలదా అనొచ్చు. అదీ నిజమే. కాని బొంజుబాబు అడిగింది వేలు గురించి కాదు.

"ఒక గుడ్డ బిగించి కట్టినా ఎక్కును," అన్నాడు కనకారావు.

బొంజుబాబు వేలు తియ్యకుండా అలాగే పడుకుని ఉన్నాడు. "నాను ఎనకాల తోసినాను," అన్నాడు. "నాను ముందుకొచ్చి సూడనేదు."

నూకరత్నం రోడ్డు పక్కన కూర్చుండిపోయి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటోంది. సుందర్రావు స్టీరింగ్ మీద తల వాల్చాడు. ఆ సమయంలోనే నా మెడ అతుకు విడిపోయింది. పొగంతా నాలోంచే బయటికి పోయింది. ఎవరూ పట్టించుకోలేదు.

కనకారావు ఆ గొట్టం విప్పి ఊళ్ళోకి తీసుకెళ్ళి, రంగనాథం ముందు, సంత జనం ముందు చీలికను వేళ్ళతో విడదీసి చూపించాడు. "సుందర్రావు సెప్పింది నిజం. ఇది నాను సూసిననాడూ ఉంది. నాకు దొరకనేదు," అన్నాడు. జనం సుందర్రావును వదిలేశారు. సారా ఎవరింట్లో తాగాడో చెప్పినవాళ్ళే ఇప్పుడు కనకారావుకి మొదట్నుంచీ పని రాదని చెప్పడం మొదలుపెట్టారు. రంగనాథం కొత్త గొట్టం తెప్పించి, ఆ ప్రశ్నను కూడా మూసేశాడు.

సుందర్రావుకి ఉద్యోగం తిరిగి ఇచ్చారు. కొన్నాళ్ళు నడిపాడు. మలుపు దగ్గరికి వచ్చేసరికి కాలు వణుకుతోందని తాళాలు అప్పగించి, కింద మైదానంలో ట్రాక్టరు నడపడానికి వెళ్ళిపోయాడు. బొంజుబాబు పాత గొట్టాన్ని తనకిమ్మని అడిగాడు. ఎందుకని కనకారావు అడగలేదు. దాన్ని చంకలో పెట్టుకుని, పాల డబ్బా ఇంకో చేత్తో పట్టుకుని లోయలోకి దిగిపోయాడు. మళ్ళీ ఆ షెడ్డుకి రాలేదు.

కనకారావు పని మానలేదు. మానితే బాగుండునని నూకరత్నం కూడా అనుకున్నట్టుంది. బళ్ళు తక్కువ వచ్చేవి. వచ్చిన ప్రతి బండినీ అతను కొండెక్కించి చూసేవాడు. అంబులెన్సు వస్తే వెనక తలుపు తీసి, మనుషుల్ని పడుకోబెట్టే బల్ల మీద తానే పడుకుని, చెవి ఆ ఇనుముకి ఆనించి, "పోనీ" అనేవాడు. ఎత్తు మీదికి వెళ్ళి వచ్చేదాకా లేచేవాడు కాడు. కొత్త డ్రైవరు మొదట నవ్వాడు. తర్వాత నవ్వడం మానేశాడు.

నా మెడకి అతుకు పెట్టించలేదు. నా మీద కోపమని కాదు. ఎప్పుడైనా ఎదురుపడితే దుమ్ము తుడిచేవాడు. తగిలించేవాడు మాత్రం కాడు. మూల పడి ఉన్నన్నాళ్ళూ నేను ఆలోచించాను. ఇబ్రహీం మేస్త్రి చెప్పినట్టు నేను అబద్ధం చెప్పలేదు. చల్లటి బండిలో, నిలబడ్డ బండిలో చిల్లు లేదు, నేను లేదన్నాను. నన్ను అడిగిన దానికి సరిగ్గానే జవాబిచ్చాను. అది ఎవరికీ పనికిరాలేదు. సుందర్రావు మాటల్లో ఉన్న ఈలను వినడానికి నాకు చెవి లేదు. చెవి ఉన్న మనిషి ఆ రోజు నన్ను నమ్మాడు.

నేటి ఉదయం పాత ఇనుము కొనే మనిషి వచ్చాడు. అరిగిన బ్రేకు డ్రమ్ములు, విరిగిన పట్టీలు, పాత సైలెన్సరు బండిలోకి ఎత్తాక, నన్ను తిప్పి చూసి "ఇదేటి బాబూ? పన్జేసేదేనా?" అని అడిగాడు.

"పొగేసి సూసేది. మెడకి అతుకేస్తే పన్జేస్తంది," అన్నాడు కనకారావు. నన్ను అతని చేతికిస్తూ, ఇచ్చినట్టే ఇచ్చి, వదలకుండా ఒక్క క్షణం పట్టుకున్నాడు. "ఇంజను సల్లగా ఉన్నప్పుడు దీన్ని నమ్మకు."

ఇనుము కొనేవాడికి ఆ మాట ఎందుకో తెలియలేదు. పెద్దమనిషి చెప్పాడని తలూపి, సైలెన్సరు పక్కన నాకు చోటు చేశాడు.